తెల్ల కారు మీద నల్లగీత

వద్దక్కా, చాయ్ పెట్టకు. జర కూసో. నువ్వు పొయ్యి కాడికి పోతే నాకు ధైర్యం చాలదు, మల్ల లేచి ఇంటికి పోత.

మా ఆయన పొద్దుగాల సంది అన్నం ముట్టలే. దుకాణం గూడ తెరవలే. వానలు పడి ఊర్లకెళ్లి రైతులు ఇత్తనాల కోసం వస్తుండ్రు, షటర్ చూసి మర్లిపోతుండ్రు. ఈయనేమో అరుగు మీద కూసున్నడు, చేతిల ఆ గుడ్డ పట్టుకొని.

ఏం గుడ్డనా? కారు తుడిసిన గుడ్డక్కా. మీ పండ్ల బండి తాకి డోర్ మీద గీత పడ్డదని మీ ఆయనను, నబీ సాబ్ అన్నను, వాడకట్టు ముందర నిలబెట్టి అన్ని మాటలన్నడు గద. ఆ గీతనే.

కొత్తకోటల పెయింటర్‌కు చూపెట్టిండు. డోర్ మొత్తం రంగు కొట్టాలె, బండి ఇడిసిపెట్టి పో అన్నడట ఆయన. ఈయనకు మనసొప్పలే. ఫోన్ల వీడియోలు చూసి, గీతలు తీసే పాలిష్ డబ్బా, మెత్తటి గుడ్డలు, చిన్న సీసల తెల్లరంగు తెచ్చుకున్నడు. ఇయ్యాల పొద్దుగాల్నే కారును నీడకు పెట్టి సబ్బునీళ్లతోని కడిగి ఆరనిచ్చిండు. ఆరినంక గీత మీద గోరు పెట్టి గుంజాల్నట. గోరు తట్టుకుంటే లోతు గీత, రంగు నింపాలె. తట్టుకోకుంటే పైపైదే, రుద్దితే పోతదట.

గోరు తట్టుకోలేదక్కా. నున్నగ జారింది. నన్ను పిలిచి మరీ చూపెట్టిండు, సంబరపడుకుంట. నేను బియ్యం చెరుగుతున్న. చూసి మల్ల చాట పట్టుకున్న.

గుడ్డకు జరంత పాలిష్ అద్దుకొని మెల్లమెల్లగ గుండ్రంగ రుద్దిండు. గీత పోతనే ఉన్నది. నడుమల ఆగి గుడ్డ తిప్పి చూసుకున్నడు. గుడ్డ నల్లగైంది. అది గీత గాదక్కా. యాడిదో నల్లరంగు వచ్చి మా డోర్‌కు అంటుకున్నది. మరి మీ పండ్ల బండికి నల్లరంగు యాడిది? కట్టె పలకలు, తుప్పు పట్టిన ఇనుము. తాకితే తుప్పు అంటాలె గని నలుపెట్ల అంటుతది?

ఈయన లేసి మా గేటు కాడికి పోయిండు. గేటు మీద నేనారేసిన గోనెపట్ట తీసిండు. మా గేటు నల్లది, నీకెరుకే. ఆ నలుపు మీద సరిగ్గ డోర్ ఎత్తున తెల్లగ రాసుకపోయి ఉన్నది.

గప్పుడు కూసున్నోడు మల్ల లేవలే. "నేనే తాకించి ఉంట యమునా. సీకట్ల బండి తీసినప్పుడు నాకే సోయి లేకపాయె. పెద్దమనిషిని పట్టుకొని అన్ని మాటలంటి" అని ఒకటే బాధ. కొద్దిసేపు గాంగనే మల్ల నా దిక్కు చూసి, "చెయ్యనోడు ఎందుకు ఒప్పుకున్నడే?" అంటడు. ఇప్పటికి ఎన్నిసార్లడిగిండో. నాకేం తెలుసు అన్న.

తెలుసక్కా.

మా గోపాల్‌పేటల మా తమ్ముని కారు మీద నేను బండి నేర్చుకున్న. ఆ మాట ఈయనకు చెప్తే, సైకిల్ తొక్కనీకి పోయి కాల్వల పడ్డది, ఇది కారు నడుపుతదంట అని చుట్టాలందరి ముందర నవ్విండు. మనసుల పెట్టుకున్న. ఆ గీత పడ్డ దినం మధ్యాన్నం ఈయన దుకాణంల ఉన్నప్పుడు, గోడమొలకు తగిలిచ్చిన తాళం తీసుకొని కారు బయటికి తీసిన. ఎనకకు వస్తుంటే గేటు రెక్కకు కర్రుమని రాసుకున్నది. బండి ఆడనే ఆపిన.

నబీ సాబ్ అన్న బండి ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. గేటును చేత్తోని అటు గుంజిపట్టి, "చెల్లె, ఎడమకు తిప్పు, మెల్లగ, ఇంకా మెల్లగ" అనుకుంట కారును మల్ల లోపల పెట్టిపిచ్చిండు. నేను ఏడుస్తుంటే నవ్విండు. "ఎవరికి చెప్పను తియ్" అన్నడు. గంతే అన్నది.

పొద్దూకినంక ఈయన గీత చూసి, పొద్దుగాల కారు బయట పెట్టినప్పుడు పండ్ల బండే తాకిందని అన్న మీదికి పోయిండు. నా బండి గాదు మద్దిలేటన్నా అనే అన్నడు ముందుగాల. మరి ఇంట్ల ఎవరున్నరప్పుడు అని ఈయన నా దిక్కు మర్లిండు. అన్న గూడ చూసిండు నన్ను. నేను తల వంచుకున్న.

అప్పుడన్నడక్కా, "తాకిందేమో మద్దిలేటన్నా, నేనే చూస్కోలే" అని.

ఎన్నేండ్ల సంది మా గోడ పక్కన నిలబడే బండి. తెల్లారి నుంచి ఈడ కనపడొద్దన్నడు ఈయన. అన్న బండిని బస్టాండ్ దిక్కు నూకుకుంట పోయిండు. ఆడ గూడ నిలబడనిస్తలేరట గద. మోకాళ్లు వాచినయట. నేను ఇంట్ల కూసొని గేటు మీద గోనెపట్ట ఆరేసుకుంట ఉన్న.

మా ఆయన కొట్టెటోడు గాదు. తిట్టినా పొద్దూకేసరికి మరిచిపోతడు. నవ్వుతడు, గంతే. నలుగురిల చెప్పుకొని నవ్వుతడు. ఆ నవ్వుకు భయపడి ఇంత చేసిన.

ఏందక్కా, అట్ల చూస్తవు? నీకు తెల్సా? ఆ దినమే చెప్పిండా అన్న?

మరి మొన్న కూరగాయల కాడ నన్ను పలకరిస్తివి గద. పిల్లల మంచి చెడ్డ అడిగితివి. తెల్సి గూడ అడిగితివా?

ఈయన మాపటికి ఈడికే వస్తడు. అన్న చేతులు పట్టుకుంటడట, బండి మల్ల మా గోడ కాడనే పెట్టుమంటడట. ఎందుకు ఒప్పుకున్నవని గూడ అడుగుతడు. అడగకుంట ఉండడు.

లేదక్కా, నేను మాఫీ అడగనీకి రాలే. ఇంటి కాడికెళ్లి గట్లనే అనుకుంట వచ్చిన గని, అబద్ధం. ఈయన అడిగితే నా పేరు తియ్యొద్దని అన్నకు చెప్పుమని, నిన్ను అడగనీకొచ్చిన.

అన్న నా పేరు చెప్పడంటవా?

చెప్పడు. అది నాకు ఇంటి కాడనే తెలుసక్కా. తెలిసి గూడ వచ్చిన.