ఏనుగుమెట్ట ఎక్కిన ఆరు నోళ్ళ బండి

అచ్చియ్యమ్మ ఇడ్డెన్ల గిన్నె మూత తీసి చూస్తే లోపల ఇడ్డెన్లు లేవంట, నల్లటి నూనెలో ఆరు పిస్టన్లు ఉడుకుతున్నాయంట. నవ్వకండే, ఆవిడికి ఏడుపొచ్చింది పాపం. మొగుడు తాతీలు పక్కనే గొంతుక్కూర్చుని, "మూతెయ్యవే, వేడి పోద్ది. వేడి మీదయితేనే పిన్ను దూరుద్ది," అన్నాడంట. "పొద్దున్నే పిల్లలకేం పెట్టను, పిన్నులు పెట్టనా?" అంది ఈవిడ. ఇంతకీ ఏమైందంటే, ఈ తాతీలు సంత జీపు తోలుకునే మనిషి. కొండ కింద చింతలగొంది సంత ఉందనుకో, ఆ సంతకొచ్చే కొండోళ్ళని ఎక్కించుకుని మళ్ళీ పైన పనసలపాడు దాకా దించి రావడం, అదే వీళ్ళ తిండి. ఉన్న జీపు శుభ్రంగా నడుస్తుంటే, దాన్నమ్మేసి, మిలట్రీ వేలంలో ఒక పాత బండి కొనుక్కొచ్చాడు. జోంగా అంటారంట దాన్ని. ఏనుగంత ముక్కు. అందరి జీపులకీ నాలుగు సిలిండర్లుంటే దానికి ఆరు. ఆరు నోళ్ళన్నమాట, ఆరూ పెట్రోలు తాగేవే. తెచ్చిన రోజే పొగ కక్కి పడుకుంది. ఇంక చూడండి, ఈయన దాన్ని ముక్కముక్కా విప్పేసి పెరట్లో పరిచాడు. కోళ్ళు గుడ్లు పెట్టడానికి కూడా చోటు లేకుండా పోయింది.

విప్పినోడు ఊరికే బిగిస్తాడా? బిగించడు. పిస్టన్లకి కొత్త రింగులేశాడు. వాల్వులకి అరగదీసే పేస్టు పూసి, కర్రకి తగిలించి, రెండు అరచేతుల మధ్యా పెట్టి మజ్జిగ చిలికినట్టు చిలికాడు. అంతటితో ఆగినా బాగుండును. "దీనికి ఇంకా ఊపు తేవాలే," అని హెడ్డు, అదే ఇంజను నెత్తిమీద మూత, పట్టుకెళ్ళి కొంచెం కోయించాడు. కోస్తే లోపల బిగువు పెరిగి గట్టిగా తంతదంట. ఒక కార్బురేటరుండాల్సిన చోట రెండు పెట్టాడు. "ఒక మూతికి రెండు ముక్కులేంటయ్యా?" అంటే, "గాలి బాగా పీల్చాలిగదే," అన్నాడు. ఇంజనుకి బలమొచ్చేసరికి క్లచ్చి ఏడ్చింది. క్లచ్చికి లారీది వేసేసరికి గేరుబాక్సు ఏడ్చింది. గేరుబాక్సు బాగుచేసేసరికి ఇరుసేడ్చింది. ఇరుసు సంగతి చూసేసరికి ఇంట్లో అచ్చియ్యమ్మ ఏడ్చింది. అన్నిటికీ మందేశాడు గానీ ఈవిడికి మాత్రం ఏం వెయ్యాలో తెలీలేదు మహానుభావుడికి.

ఆవిడ తమ్ముడొకడున్నాడు, సూర్రావని. వాడూ జీపే తోలతాడు, డీజిలుది. వాడొచ్చి, "బావా, ఈ రాకాసి దేనికి? నా దగ్గర పాత డీజిలింజనుంది, పెట్టేసుకో. ఈ ఆరు నోళ్ళదాన్ని పాతసామాన్లోడికిచ్చెయ్," అన్నాడంట. తాతీలు మొహం ఎలా అయిపోయిందంటే, ఎవరో పిల్లనెత్తుకెళ్ళిపోతామన్నట్టు అయిపోయింది. "నీ డీజిలు జీపు వానాకాలం ఏనుగుమెట్ట ఎక్కుద్దేంట్రా? నాది ఎక్కుద్ది," అన్నాడు. ఈ ఏనుగుమెట్ట ఏంటంటే, పనసలపాడు దారిలో నిలువునా ఉండే ఎత్తు. ఎండాకాలం అయితే జనం కిందకి దిగి వెనకాల తోస్తే జీపులు ముక్కుతా ఎక్కుతాయి. వాన పడిందా, జీపు కిందే ఆగిపోద్ది, ఉప్పూ బియ్యం నెత్తినెట్టుకుని నడవాల్సిందే. అప్పుడు అచ్చియ్యమ్మ చీపురు పక్కన పడేసి తేల్చేసిందంట. "అయితే ఇను. ఈ సంత నాటికి, వానలో, జనంతో సరుకుతో ఏనుగుమెట్ట ఎక్కించు. ఎక్కితే ఇంజను ఉంటది. ఎక్కకపోతే పాతసామాన్లోడు ఎత్తుకెళ్తాడు, నువ్వు కిక్కురుమనకూడదు." సరేనన్నాడు. అననయితే అన్నాడు గానీ, ఆ వారమంతా బండి కిందనించి బయటికి రాలేదంట.

సంత రోజొచ్చింది. వాన కూడా చెప్పినట్టే వచ్చింది. బస్తాలెక్కించారు, జనమెక్కారు, ఎవరిదో ఒక మేక కూడా ఎక్కింది. అచ్చియ్యమ్మ, సూర్రావు మెట్ట కింద నిలబడ్డారు, తీర్పు చెప్పేవాళ్ళలాగ. జోంగా అరుచుకుంటా వచ్చింది. అరుపంటే మామూలు అరుపా, పక్కనోడి మాట పక్కనోడికి వినపడదు. ఇప్పుడేమైందో చూడండి. మెట్ట మొదలు కనపడగానే, పనసలపాడు జనమంతా బిలబిలా దిగిపోయారు! బస్తాలు బరువని అవీ దింపేశారు. ఎవరూ దిగమనలేదు, వాళ్ళకలవాటు. తాతలనాటి నుంచీ అక్కడ దిగి తొయ్యడమే. భుజాలు ఆనించి "ఐలెస్సా" అన్నారో లేదో, ఆ గోలలో ఈయనకేం తెలుస్తది, తొక్కాడు. బండి తారాజువ్వలాగ లేచిపోయింది. తోసినోళ్ళు తోసినట్టే బురదలో బోర్లా పడ్డారు, చక్రాలు చిమ్మిన బురదంతా వాళ్ళ మీదే. పైకెళ్ళి ఆపి, మీసం మీద చెయ్యేసుకుని, "ఎలా ఉందర్రా!" అని వెనక్కి తిరిగాడంట. మేకొక్కటే ఉంది. "మే" అంది.

కిందనించి సూర్రావు నోటికి చేతులడ్డం పెట్టి, "బావా, మేకనెక్కించడానికా ఆరు సిలిండర్లు?" అని కేకేశాడు. తాతీలు బండి దింపుకొచ్చి అందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేశాడు. "ఈసారి కూచోండి, దిగొద్దు, మీకు పుణ్యముంటది." వాళ్ళేమో, "కూచుంటాం బాబూ, కానీ మెట్ట చూస్తే మా కాళ్ళు మా మాట వినవు, వాటంతటవే దిగిపోతాయి," అన్నారు. కొందరికి భయం కూడా అనుకో. అచ్చియ్యమ్మ చూస్తానే ఉంది. ఊరుకుంటే ఆవిడే గెలిచినట్టు. పెరడు ఖాళీ, ఇడ్డెన్ల గిన్నె ఖాళీ, రేపటికి డీజిలింజను. కానీ మొగుడు బానెట్టు మీద చెయ్యేసి నిలబడ్డాడు చూడండి, జబ్బు చేసిన ఎద్దు మీద చెయ్యేసినట్టు. ఆవిడికి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు. చీరకుచ్చెళ్ళు ఎగదోపి, దింపిన బస్తాలు మళ్ళీ ఎక్కించి, తనూ ఎక్కి బియ్యం బస్తా మీద కూచుంది. కూచోడమంటే ఊరికే కూచోడమా, "దిగినోడు మళ్ళీ నా గుమ్మం తొక్కకూడదు, ఎక్కండి!" అని అరిచింది. ఇంకేం చేస్తారు, ఎక్కారు. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు పట్టుకుని కూచున్నారంట, దిగిపోకుండా.

బండి ఎక్కుతుంది. ఎక్కుతుంది, ఎక్కుతుంది. సగం ఎత్తులో చక్రం బురదలో గిర్రున తిరిగింది, ఇంజను గొంతు తగ్గింది. తాతీలు భయపడి కాలు తీస్తున్నాడు. అప్పుడు వెనకనించి ఒక గొంతు, "తీయకు! తొక్కవయ్యా, తొక్కు! దీనికోసమా నా గిన్నె పాడుచేశావు? తొక్కు!" అది అచ్చియ్యమ్మేనంట. ఆరు నోళ్ళూ ఒక్కసారి అరిచాయి, ఏడోది ఈవిడది. బురద చీల్చుకుని మెట్ట మీద తేలింది బండి, బస్తాలతో, జనంతో, మేకతో సహా. సూర్రావు నడుచుకుంటా రొప్పుకుంటా వచ్చి, "అదేంటక్కా, నోరు మూసుకుంటే నువ్వే గెలిచేదానివి కదే!" అన్నాడు. "నువ్వు నోరు మూసుకోరా," అంది ఈవిడ.

అంతా బాగానే ఉంది, తాతీలు పనసలపాడు దాకా పోనిద్దామని తాళం తిప్పితే, కదల్లేదు. పెట్రోలు చుక్క లేదు. రెండుసార్లెక్కేసరికి, వెంట తెచ్చుకున్న డబ్బాలతో సహా తాగేసింది. ఇప్పుడు ఇంజను గెలిచినట్టా, కొంప ములిగినట్టా? పనసలపాడు పెద్దాయన బొజ్జిదొర మాత్రం నవ్వాడంట. "మా నాయన రోజుల్లో ఈ మెట్ట కింద ఒక జత గిత్తల్ని ఉంచేవోళ్ళమ్మా. వచ్చిన బండికల్లా ముందు కట్టి ఎక్కించి, విప్పేసేవోళ్ళు. అవి ఊళ్ళు తిరిగే ఎడ్లు కావు, మెట్ట ఎడ్లు," అన్నాడు. అచ్చియ్యమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. సంత దారంతా సూర్రావు డీజిలు జీపే తోలాలి. మొగుడు జోంగాతో మెట్ట కిందుండాలి, గొలుసు కట్టి జీపుని జనంతో సహా పైకి లాగాలి. పెట్రోలు ఎక్కినోళ్ళు పోయించాలి, కిరాయి బావా బామ్మరుదులు పంచుకోవాలి.

అలాగే నడుస్తుందంట వాళ్ళకి. జనం మాత్రం ఇప్పటికీ మెట్ట దగ్గర ఒక కాలు కింద పెట్టి తీస్తారంట, ఊరికే. ఎవరైనా అడిగితే అచ్చియ్యమ్మ ఏమంటదంటే, "కొన్ని అంతేనమ్మా. ఊరంతా తిప్పామా, ఇల్లు గుల్ల. ఒక్క మెట్ట కాడ కట్టేశామా, బంగారం," అంటదంట. అది బండినందో తననందో తెలీక తాతీలు ఇంకా తల గోక్కుంటన్నాడు. మనకెందుకులే, వాళ్ళ మొగుడూపెళ్ళాల మాట. మనల్నాపిన వాన తగ్గింది, లేవండి.