మావయ్య దాచిన పేరు

ఫ్రేములు కట్టే మావయ్య కోతలు మొదలుపెట్టాడంటే టీకొట్టు పిన్ని మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టాల్సిందే. ఆరోజు మాత్రం మేనకోడలికి వినే ఓపిక లేదు. ఆమె బొమ్మలు వేస్తుంది. మొదటి ప్రదర్శన ఇంకో వారంలో ఉంది. ఆహ్వానపు కార్డు అచ్చుకి సిద్ధమైంది కానీ వెబ్‌సైట్ పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. పన్నెండింటికల్లా పేరు చెప్పకపోతే మెషీన్ మీద వేరే పని ఎక్కిస్తానని ప్రెస్సాయన ఖరాఖండిగా చెప్పి, పక్కనే కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఆ పేరు సంగతి నేను చూసుకుంటానని నెల కిందట పని నెత్తికెత్తుకున్నవాడు మావయ్యే.

“పేరు పెట్టడమంటే మాటలా? అట్టముక్కల వెనకాల మూడు వందల పేర్లు రాశాను. చూస్తే అన్నీ ఎవరో ఒకళ్ళు తీసేసుకున్నవే. నాలుగో రోజు అద్దం కోస్తుంటే తట్టిందయ్యా అసలు పేరు, చెయ్యి పక్కకి జారింది, అయినా ఆ అద్దం దానంతటదే తిన్నగా తెగింది. ఇలాంటి పేరు బయటికి పొక్కితే ఎవడో తన్నుకుపోడూ? అందుకే మీ అత్తక్కూడా చెప్పలేదు. నిద్రలో కలవరిస్తానేమోనని మూతికి టేపు వేసుకుని పడుకున్నాను.”

“పగలు కూడా వేసుకోవాల్సింది,” అంది పిన్ని.

మావయ్య వినిపించుకుంటేగా. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు దేశాలవాళ్ళు మూడు కార్లలో దిగారు. విరిగిన ఫ్రేములు బాగుచేయించుకునే వంకతో నా పెదాలకేసే చూస్తూ కూర్చున్నారు. నేను తక్కువ తిన్నానా? ఆరు మేకులు నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా పలకలేదు. దాంతో ఏం చేశారూ, ఉపగ్రహాలు పంపారు! మా పైకప్పు మీద గుమిగూడి ఎండ తగలనిస్తేగా, మూడు రోజులు వార్నిష్ ఆరలేదు. ఆ ఫ్రేము ఇప్పటికీ చేతికంటుకుంటోంది, కావాలంటే వచ్చి ముట్టుకోండి.”

మేనకోడలికి కోపంలోనూ నవ్వొచ్చింది. గడియారంలో పన్నెండుకి పది నిమిషాలు. మెల్లిగా అడిగింది, “ఆ పేరు రిజిస్టర్ చేసేవాళ్ళకైనా చెప్పావా మావయ్యా?”

“వాళ్ళకా? ఇంకా నయం! చెబితే ముందు వాళ్ళే కొట్టేస్తారుగా.”

ప్రెస్సాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మేనకోడలు లేచి దగ్గరికొచ్చింది. మావయ్య చెయ్యి పట్టుకుని, చెవిలోనైనా చెప్పమని బతిమాలింది. ఆయన నాలుగు దిక్కులూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు: గోడకోబొమ్మ డాట్ కామ్. తాను వేసేది గోడకి తగిలించుకునే బొమ్మలే కాబట్టి ఆ పేరు ఆమెకి నిజంగానే నచ్చింది. భయపడుతూనే ఫోన్‌లో కొట్టి చూసింది. ఖాళీగానే ఉంది. అప్పటికప్పుడు తన పేరున తీసేసుకుంది.

“మూడు దేశాలు వెంటపడ్డ పేరుని ఇన్నాళ్ళూ ఒక్కరూ తీసుకోలేదేంటి?” అంది పిన్ని.

“అదీ నేను దాచడమంటే,” అని మావయ్య కాలర్ ఎగరేశాడు.

మేనకోడలు ఆ పేరు కాగితం మీద రాసి ప్రెస్సాయనకి అందించబోయింది. మావయ్య గభాల్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఇదేంటమ్మా, కార్డు మీద వేస్తే ఊరందరికీ తెలిసిపోదూ?”

“తెలియడానికేగా మావయ్యా, కార్డు.”