సైరన్ వేయని బండి

యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసే కొమురవ్వ తార్నాక చౌరస్తాలో చాయ్ బండి దగ్గర కూర్చుంది. పక్కన చేతికర్ర. తెలంగాణ ఉద్యమంలో క్యాంపస్ గేటు ముందు టైర్లు కాలిన రోజున ఫైరింజన్ గుద్ది ఆమె కాలు విరిగింది. పొద్దుటి నుంచీ ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. కోర్టు నుంచి లాయరమ్మ ఆటోలో వచ్చి దిగింది.

"గెలిచాం కొమురవ్వా! తప్పు గవర్నమెంటుదేనని తీర్పిచ్చారు."

"నిజమా వకీలమ్మా? మంటలార్ప పోయే బండి మీద కేసు నిలువదన్నరు గద అందరు?"

"వాళ్ల లాయరూ అదే వాదించాడు, ఫైరింజన్‌కి ట్రాఫిక్ రూల్స్ నుంచి మినహాయింపు ఉందని. అప్పుడు నేను డ్రైవరు రాసిచ్చిన రిపోర్టు చదివాను."

"ఏం రాసిండు?"

"'సైరన్ వింటే స్టూడెంట్లు అడ్డమొస్తరని బంద్ చేసి, గప్‌చుప్‌గా పోయినం' అని. తెలివైన పని చేశాననుకుని గొప్పగా రాసుకున్నాడు. జడ్జిగారు ఒక్కటే అడిగారు. 'దారి ఇమ్మని అడగని బండికి మినహాయింపు ఎలా ఇస్తాం?'"

"సప్పుడు లేకుంట వచ్చిందని మొదటి దినం నుంచి చెప్తనే ఉన్న. ఎవరిన్నరు?"

"ఇవాళ విన్నారు."

అంతలో సైరన్ మోగించుకుంటూ మౌలాలి వైపు నుంచి ఓ ఫైరింజన్ దూసుకొచ్చింది. బస్సులూ ఆటోలూ పక్కకు తప్పుకున్నాయి. కొమురవ్వ లేచి నిలబడి చేతికర్ర పైకెత్తింది.

"గట్ల! గట్ల మొత్తుకుంట పో బిడ్డా!"