బారు మూతపడిన సాయంత్రం

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఆవేళ ఫిట్టరు చీకటి పడకముందే సైకిలు గుమ్మం పక్కన ఆనించి తన ఇంటి తలుపు తట్టాడు. తలుపు తీసిన భార్య గుమ్మంలోంచి కదల్లేదు.

“ఏటి, అప్పుడే వచ్చీసినావు? ఒంట్లో బాగోలేదేటి?”

“ఝపటాపూర్‌ల మా బారు మూసీసినారే. ఓనరు దాదా దుకాణం అమ్మీసి కూతురింటికెళ్లిపోనాడు.”

“మళ్లీ ఎప్పుడు తీస్తాడు?”

“ఇంక తియ్యడు.”

ఆ బారు కూలిపోవాలని ఇన్నేళ్లూ శాపనార్థాలు పెట్టిన మనిషి. సంతోషిస్తుందనుకున్నాడు.

“మరి రేపట్నుంచి?”

“రోజూ ఈ టైముకే ఇంటికొచ్చీసి, నీ పక్కనే కూకుంటాను.”

“రోజూనా?”

“లోపల ఎవులో నవ్వుతున్నారేటి?”

“టీవీలే.”

అతను ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. బారులో తనతో కూర్చునే ముగ్గురి భార్యలూ చాప మీద పేకముక్కలు పట్టుకుని ఉన్నారు. పక్కనే నాలుగో మనిషి ముక్కలు బోర్లించి ఉన్నాయి.

“ఇది ఎన్నాళ్ల బట్టే?”

“నువ్వు తాగుడు మొదలెట్టిన కాడ్నుంచి.”

“మరి రోజూ నన్ను తిట్టినావు కదే.”

“తిట్టకపోతే నీకు అనుమానం రాదేటి?”

ఆమె అతని సైకిలు హ్యాండిల్ పట్టుకుని వీధి వైపు తిప్పింది.

“ట్రాఫిక్ కాలనీ అవతల ఇంకో బారు ఉందట. దార్ల ఈళ్ల మొగుళ్లని ముగ్గుర్నీ కూడా తీసుకెళ్లు. ఆళ్లు ఇంటికాడ కూకుంటే రేపు మాకు ఆట సాగదు.”

“సరే. మరి నాను వచ్చినాక?”

“మామూలుగానే తిడతాన్లే.”