తక్కెడలో వేయని పుస్తకం

చంద్రపూర్‌లో పాత కాగితాలు, పుస్తకాలు తూకానికి కొనే ఒక రద్దీ దుకాణం. నడిపేది ఒక గని కార్మికుడి భార్య. వచ్చింది పాత వైద్య గ్రంథాలు సేకరించే ఒక రిటైరైన గని డాక్టరు.

"సార్, మీరడిగే అసుంటి పుస్తకం ఇంకోటి అచ్చింది. తక్కెట్ల ఎయ్యకుండ పక్కకు పెట్టిన."

"మంచి పని చేసినవమ్మా. నూరేండ్ల కిందటి లడాయిది. నా దగ్గర లేదు."

"గీ బొమ్మల సిపాయి చేతులట్ల పెట్టిండేంది?"

"పక్కన బాంబు పడ్డదమ్మా. దెబ్బ తాకలే గాని, చేతులు వణుకుడు ఆగలే."

"నాటకమా సార్?"

"కాదు, నరాల జబ్బు. అప్పటి డాక్టర్లే రాసిండ్రు."

"గని కప్పు పక్కన కూలినంక మా ఆయన చేతులు గిట్లనే వణికినయి. దెబ్బ లేదు, నాటకం చేస్తుండని రాసిచ్చిండ్రు. నౌకరి పోయింది."

"ఎవరు రాసిండ్రు?"

"కాయితం మీద సంతకం మీదే సార్."

"తెలిసీ నాకు పుస్తకాలెందుకు తీసిపెడుతున్నవమ్మా?"

"ఒక్కటన్న సదివినంక ఆయనను చూడవస్తరనుకున్న. తీసిపెట్టవట్టి ఆరేండ్లయింది సార్."