టక్కో పోసిన పెరుగు

ఇదేం పెరుగే చుందుంగ్, సున్నపు నీళ్ళలా ఉంది? ప్యాకెట్టుదా? పోనీలే, ప్రేమగా తెచ్చావు, తింటాలే. టక్కో పెరుగు మరిగిన నోరిది, ఇంకేదీ ఓ పట్టాన ఆనదు. టక్కో ఎవరా? మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదూ? ఆవుల్ని మేపుకు తిరిగే ఫులానీ మనిషే. ఇదిగో ఈ గుట్ట వెనకే ఉండేవి వాళ్ళ గుడిసెలు. సన్నగా, పొడుగ్గా, నెత్తిన పెరుగు సొరబుర్ర పెట్టుకుని చెయ్యైనా వెయ్యకుండా వచ్చేది, ఏం నడకనుకున్నావు. నేను మొక్కజొన్న పిండి కొలిస్తే అది పెరుగు కొలిచేది. పిండి తగ్గిందని అది, నీళ్ళు కలిపావని నేను, పొద్దున్నే రోజూ ఇదే గొడవ. గొడవయ్యాక ఇక్కడే కూలబడి నా తల దువ్వేది. కోతలయ్యాయంటే మీ తాత వెళ్ళి వాళ్ళాయన్ని పిలుచుకొచ్చేవాడు, 'మందని తోలుకురావయ్యా, మా చేలో పడుకోబెట్టు' అని. ఆవులకి మేత, చేనుకి పేడ. నవ్వుతావేంటే, నిజంగానే అలా ఉండేవాళ్ళం.

ఏదో చెప్తున్నా... ఆ, దాని పెద్దకొడుకు హమ్మది. ఆ పేరు దాని నోటెంట నేను ఒక్కసారీ వినలేదు. వాళ్ళలో అంతే. తల్లి తొలిచూలు బిడ్డని పేరు పెట్టి పిలవదు, నలుగురిలో దగ్గరికి తీసుకోదు, పడి ఏడ్చినా అటు చూడదు. అదే వాళ్ళ సిగ్గూ మర్యాదానూ. 'అక్కా, ఆ పిల్లాణ్ణి కాస్త పిలువు' అనేది నాతో. వాడేమో ఎదురుగానే ఉండేవాడు! 'ఓరి హమ్మదీ, మీ అమ్మ పిలుస్తోందిరా' అని నేను అరవాలి. వాడికి దెబ్బ తగిలితే నా దగ్గరికే వచ్చేవాడు, ముక్కు తుడిచేది నేనే.

తర్వాత రోజులు చెడ్డాయిలే. మన వాళ్ళు ఆవుల బాట మీదే బంగాళదుంపలేశారు. వాళ్ళ కుర్రాళ్ళు పంతానికి పండిన చేలోకి మందని తోలారు. ఎవరిది ముందంటే నన్నడక్కు, ఆ లెక్క తేల్చబోయినవాళ్ళంతా మట్టిలో ఉన్నారు. వాగవతల ఊళ్ళో ఫులానీలు మన వాళ్ళని చంపారు, పిల్లలతో సహా. ఆ మర్నాడు పొద్దున టక్కో మామూలుగానే వచ్చింది, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని. వాళ్ళ మగాళ్ళు మందతో ఎక్కడో దూరాన ఉన్నారు. 'ఎందుకొచ్చావే పిచ్చిదానా' అన్నా. 'పాలు పితికాను కదక్కా, ఏం చెయ్యను?' అంది. కూర్చుని గరిటె తీసిందో లేదో, కత్తులు పట్టుకుని దిగబడ్డారు. మన ఊరోళ్ళు కాదు, వాగవతలోళ్ళు. ముందున్నవాడికి ఎర్ర టోపీ. వాడి తమ్ముణ్ణి పూడ్చిపెట్టి వస్తున్నార్ట, కళ్ళు చూస్తే తెలిసిపోయింది.

'అమ్మా, ఈ బుడ్డోడెవడు?' అన్నాడు. మా చెల్లెలి కొడుకన్నాను. 'ఆ ముక్కు మన ముక్కేనా?' 'వాళ్ళ నాన్న ముక్కు నాయనా, దానికి నేనేం చేసేది' అన్నాను. ఎలా వచ్చిందో నాకా మాట. వాడు నవ్వలేదు. 'ఆడాళ్ళ జోలికి మేం రాం. మగపిల్లాడైతే వదలం, రేపు పెద్దై కత్తి పట్టుకొస్తాడు' అని, టక్కో మొహంలోకే చూస్తూ పిల్లాడి చెంప మీద ఒక్కటిచ్చాడు. పిల్లాడు గిర్రున తిరిగి పడ్డాడమ్మా. టక్కో తలెత్తలేదు. నా గిన్నెలోకి పెరుగు కొలుస్తూనే ఉంది. పిల్లాడు లేచి, ఎటు పరిగెత్తాడనుకున్నావు? నా దగ్గరికి. అలవాటు కదా మరి. ఎర్ర టోపీ వాడు టక్కోని చూసి, 'ఏ తల్లీ ఇలా కూర్చోదు, పదండ్రా' అన్నాడు. వెళ్ళిపోయారు. వాళ్ళకి తెలీదు చూడు ఫులానీ తల్లి సంగతి.

ఆ సాయంత్రమే వాళ్ళాయనొచ్చి తీసుకుపోయాడు. పోతూ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ చూడలేదే దాన్ని. ఎన్నేళ్ళు ఎదురుచూశానో, పెరుగమ్మే ఆడది ఎవరొచ్చినా ముందు మొహం చూసేదాన్ని.

పోయిన వానలప్పుడు ఒకాయన వచ్చాడు, గడ్డం మనిషి. 'పెద్దమ్మా, నేను హమ్మదిని' అన్నాడు. అమ్మ పోయిందన్నాడు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. అంటే, నేను ఏడ్చాను, వాడు కూర్చున్నాడు. ఆఖరికి అన్నాడు, 'ఆ రోజు నన్ను కొడితే అమ్మ చూడనైనా లేదు. ఆచారం నాకూ తెలుసు. తెలిసినా అడుగుతున్నా పెద్దమ్మా, నేనంటే అమ్మకి ఇష్టమేనా?'

గడ్డం నెరుస్తోందే వాడికి. అప్పుడు చెప్పాను, మీ తాతకైనా చెప్పని ముక్క. 'ఒరేయ్, నా గిన్నె ఎప్పుడో నిండిపోయిందిరా. మీ అమ్మ పోస్తూనే ఉంది. పెరుగు పొర్లి నేల మీద పారుతోంది, ఆ ఎర్ర టోపీ వాడి కాళ్ళ దాకా వచ్చేసింది. వాడు ఒక్కసారి కిందికి చూశాడా, మన పని అయిపోయినట్టే. నేను నిన్ను ఒళ్ళో వేసుకుని, కట్టుకున్న గుడ్డ పరిచి ఆ పెరుగులోనే చతికిలబడ్డాను. మొహాన్ని ఆపుకుంది గానీ చేతిని ఆపుకోలేకపోయిందిరా మీ అమ్మ.'

'మొత్తం పోసేసిందా?' అన్నాడు. 'అడుగుదాకా' అన్నాను. 'మళ్ళీ చెప్పు పెద్దమ్మా' అన్నాడు. చెప్పాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ చెప్పాను. బస్సు వచ్చేదాకా అదొక్కటే చెప్పించుకున్నాడమ్మా నా చేత...

మబ్బు పట్టింది, ఆ బట్టలు తీసుకురా పో.