సూది పట్టని వేలు

ఫోన్లు, టాబ్లెట్లు అమ్మే కొట్టులో అమ్మమ్మ, మనవరాలు బల్ల ముందు నిలబడ్డారు. అమ్మమ్మ మొన్నటిదాకా బట్టలు కుట్టింది.

“అన్నిట్లోకీ ఇదే చవక అమ్మమ్మా. కొట్టు అతన్ని అడిగి ఇందులో నా సిమ్ వేయించాను. ఈ బొమ్మ తాకితే మీ అక్కకి ఫోన్ వెళ్తుంది.”

“తాకాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“గట్టిగా కాదు, మెల్లగా.”

“మెల్లగానే తల్లీ. నీ ఫోనూ అంతేగా, నా మాట వినదు. సూది పట్టి పట్టి వేళ్లు కాయలు కాశాయి. వీటి కంటికి నేను మనిషిలా ఆనను.”

“పోనీ, ఆ ఖరీదైనది చూద్దామా?”

“దాని ధరకి రెండు కుట్టు మిషన్లొస్తాయి. పద ఇంటికి. అక్కతో మాట్లాడాలంటే ఎప్పటిలాగే మీ అమ్మకి తీరికయ్యేదాకా కూర్చుంటా.”

“ఆగాగు. చెయ్యి చూపించు. ఈ చిటికెన వేలు ఎంత మెత్తగా ఉందో!”

“అదొట్టి సోమరిది. ఏనాడూ సూది పట్టిన పాపాన పోలేదు.”

“దాంతో తాకు.”

“ఓసినీ! మోగుతోందే!”

“మాట్లాడు మరి.”

“అక్కా, నేనే! లేదక్కా, ఎవరూ కలిపివ్వలేదు. నేనే చేశా, నా చేత్తోనే. నమ్మవా? అయితే పెట్టేసెయ్. మళ్లీ చేస్తా, చూడు!”